సబ్జా, నౌకర్ గాదు

"సీసల శర్బత్ పోసింది నువ్వేనా అక్కా?"

"నేనే."

"అండ్ల సబ్జా గింజలు ఏసింది?"

"నేనే."

"మూత బిగించి ఆయన సంచిల పెట్టింది?"

"గది గూడ నేనే సెల్లె. ఇంకెవరు పెడ్తరు?"

డిటెక్టివ్ స్వర్ణలత పెన్ను మూసి బల్ల మీద పెట్టింది. పోలీసు ఉద్యోగం చేసి చేసి, ఇక చాలని దానికో దండం పెట్టి బయటికొచ్చి, సిరిసిల్లలో చీరల షాపు పైన సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆమె. అబద్ధాలాడేవాళ్లతో ఆమెకు ఏ పేచీ లేదు. ఎంత గట్టి అబద్ధమైనా ఎక్కడో ఓ చోట కుట్టు ఊడుతుంది, అక్కడ పట్టుకుని లాగితే చాలు. అడిగినదానికల్లా అవునంటూ తన మెడకు తానే ఉరి బిగించుకునే హుస్సేన్‌బీ లాంటివాళ్లతోనే చిక్కంతా.

హుస్సేన్‌బీ స్టేషన్ గోడకు ఆనుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి. భర్త పోయి మూడు రోజులైంది. ఏడవడానికి ఇంక కన్నీళ్లు మిగల్లేదు గానీ, రంజాన్ రోజా మాత్రం విడిచిపెట్టలేదు. పెదవులు ఎండి పగిలాయి. పొద్దున్నే అరెస్టు చేశారు, రేపు పొద్దున మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. ఈలోపల నిజం బయటపడకపోతే కట్టుకున్నవాడిని చంపిందన్న పేరుతో జైలుకు పోతుంది.

కేసు పైకి సూటిగానే ఉంది. ఆమె భర్త గులాం నబీ కథలాపూర్ దగ్గరి గుర్రాల ఫారంలో పెద్ద సైసు. గుర్రాల తిండీ నీళ్లూ బాగోగులూ అన్నీ చూసే మనిషి. టైఫాయిడ్ వచ్చి జగిత్యాలలో కూతురింట్లో మూడు వారాలు మంచం పట్టాడు. లేచిన రోజే ఫారానికి పోయాడు, అదీ రోజా ఉండి. పొద్దు గూకినాక భార్య కట్టిచ్చిన శర్బత్‌తోనే రోజా విప్పాడు. కాసేపటికే నురగలు కక్కి పడిపోయాడు. తెల్లారేసరికి దవాఖానలో ప్రాణం పోయింది. కడుపులో పురుగుల మందు దొరికింది, దాంతోపాటు ఉబ్బిన సబ్జా గింజలు.

"ఫారంకు పోయే ముందు ఆయనతోని కొట్లాడినవా?"

"కొట్లాడిన. జరం తగ్గకముందే గుర్రం గుర్రం అని ఉరుకుతుంటె కోపం రాదా? 'నువ్వు గా గుర్రంతోనే సావు' అన్న. గల్లీ అంత ఇన్నది." హుస్సేన్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. "నా నోరు పాడుగాను, నిజంగనే పాయె."

తలుపు దగ్గర నిలబడ్డ కూతురు జేబా వచ్చి తల్లి భుజం పట్టుకుంది. జగిత్యాలలో బట్టలు కుట్టుకుని బతికే పిల్ల. స్వర్ణలతను పిలిపించింది ఈమే.

"అక్కా, మా అబ్బాకు మేమెంతనో గా షాహీ అంతే. గా ఫారంల పెద్ద మగగుర్రం పేరు షాహీ. చిన్నప్పుడు దాని నోట్లె చక్కెర పెట్టిన దాన్ని నేను. అసలు ఫారంల ఏమైందో ఎవ్వలు అడుగుతలేరు. అమ్మనొక్కదాన్నే పట్టుకున్నరు."

"అడగాల్సినోళ్లం అడిగినం" అన్నాడు ఇన్‌స్పెక్టర్ కుమార్ లోపలికి వస్తూ. ఇస్త్రీ మడత నలగని మనిషి. స్వర్ణలతను చూసి నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు. ఎల్లంతకుంట మోటార్ల దొంగతనంలో ఇతను పట్టుకొచ్చిన వాళ్లను ఆమె కోర్టులో నిలబడి విడిపించింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

"ఏం మేడం, చీరెల షాపు బంద్ వెట్టిండ్రా ఇయ్యాల?"

"షాపు తెరిచే ఉంది సార్. మీ దగ్గర కట్టిన కేసు చిరుగుతుంటె జర చూసిపోదామని అచ్చిన."

"ఇది చిరగది." కుమార్ సెల్ తీశాడు. "సచ్చిపోయేటోడు నా ముంగట జెప్పిన మాట. ఇటు రాండ్రి, మీ ఒక్కలకే చూపెడ్త. ముద్దాయికి సాక్ష్యం చూపెట్టుడు నా అలవాటు గాదు."

పక్క గదిలో వీడియో పెట్టాడు. దవాఖాన మంచం. నబీ ముఖం గుర్తుపట్టలేనట్టుగా పీక్కుపోయింది. నాలుక మందమైపోయి మాట ముద్దగా వస్తోంది. ఎవరు చేశారని కుమార్ గొంతు అడుగుతోంది. నబీ ఆ ప్రశ్న విన్నట్టు లేదు. ఏదో చెప్పి తీరాలన్నట్టు తల అటూ ఇటూ కొట్టుకుని, "సబ్జా... సబ్జా..." అన్నాడు. ఊపిరి అందలేదు. మళ్లీ కూడదీసుకుని, "న్... కర్ గాదు" అన్నాడు. అంతే, వీడియో అయిపోయింది.

"నాకు సరిగ్గ సమజ్ గాలే" అన్నాడు కుమార్. "పక్కనే హుస్సేన్‌బీ మేనల్లుడు అఫ్సర్ ఉన్నడు. ఫారంల నబీ చేతికింద పనోడు, దవాఖానకు తెచ్చింది, సంచిల ఏమేమున్నయో జెప్పింది గూడ వాడే. ఏమంటున్నడురా అని వాణ్ణడిగిన. 'సబ్జా అంటున్నడు సార్, నౌకర్ గాదు అంటున్నడు' అని ఏడ్చిండు. నౌకర్లు జెయ్యలే, సబ్జా శర్బత్తే తన పాణం తీసింది అని మనిషి సాఫ్‌గ జెప్పిపోయిండు. నౌకర్లు గాకపోతే ఇంక మిగిలింది ఎవరు మేడం?"

స్వర్ణలత చెవికీ ఆ మాట అట్లాగే వినిపించింది మరి. "నేను ఫారం చూసొస్త" అని మాత్రం అంది.

"చూసుకోండ్రి. గుర్రాలైతే అబద్ధం జెప్పయి" అని కుమార్ వెటకారంగా నవ్వాడు.

జేబా వకీలును కలవడానికి జగిత్యాల బస్సెక్కింది. స్వర్ణలత కారు కథలాపూర్ దారి పట్టింది.

ఫారం యజమాని లక్ష్మీరాజం వరండాలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ముత్యంపేట దిక్కు చెరుకు పండించి పైకొచ్చాడు. షుగర్ కళ్లను తినేసింది. ఎదుటి మనిషి పొగలా కనబడతాడే తప్ప ముక్కూ మొహం ఆనవు. ఆయన వెనక గోడ నిండా ఓ బూడిద రంగు గుర్రం బొమ్మ వేలాడుతోంది. విలాయతు పాత చిత్రాన్ని సిరిసిల్లలో ఫ్లెక్సీ మీద కొట్టించి తెచ్చుకున్నాడట. చుట్టూ గంధం బొట్లు.

"గిది యాష్ లేన్ బిడ్డా. విక్టోరియా రాణి నాటి గుర్రం. మా పనోళ్లు బూడిదోడు అంటరు, నాకు కోపమొస్తదని చాటుంగ."

"నేను నబీ గురించి అడగడానికి అచ్చిన సేఠ్."

"నబీ గురించే చెప్తున్న. నబీకీ నాకూ నడుమ ఉన్నది గిదే."

ఆపినా ఆగే మనిషి కాదని స్వర్ణలతకు అర్థమైంది. చేతులు కట్టుకుని వింది. వినకపోతే ఈ కేసు అక్కడితోనే ఆగిపోయేదని ఆమె తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

యాష్ లేన్ ఇంగ్లండులో ఓ బక్క పిల్లగా పుట్టింది. కాళ్లు వణుకుతుంటే, ఇదేం గుర్రం అని మొదటి యజమాని వచ్చిన ధరకు వదిలించుకున్నాడు. రెండేళ్ల వయసులో పరుగెత్తిన ప్రతి పందెంలోనూ ఓడింది. మూడో ఏట, వాన కురిసి మైదానం బురదైన రోజున, గొప్ప గుర్రాలన్నీ జారుతుంటే ఇది మాత్రం మెడ పొడవు ముందుండి పెద్ద పందెం కొట్టింది. నిన్నటిదాకా ఎగతాళి చేసినవాళ్లే టోపీలు గాలిలోకి విసిరారు. ఆ పైన దూరపు పందెం కప్పు రెండేళ్లు వరసగా తెచ్చింది. తర్వాత ముందరి కాలి నరం పట్టేసింది. పరుగు అయిపోయింది.

"అసలు కష్టం అప్పుడు మొదలైంది" అన్నాడు లక్ష్మీరాజం. "పందెం గెలిచిన గుర్రాన్ని పిల్లల కోసం ఉంచుతరు గదా. దీనికాడికి ఆడగుర్రాలను ఎవ్వలు తోల్కరాలే. గా దినాలల్ల బూడిద రంగంటె దొరలకు మోజు లేదు. పుట్టిన నాలుగు పిల్లలు గూడ ఉరకలే. చేతులు మారి మారి ఐర్లండు పోయింది. ఆడ ముసలితనంల, కండ్లు కనబడని ఓ ఆడగుర్రానికి దీనితోని ఒక్క పిల్ల పుట్టింది. బూడిద రంగుది. గది ఉరికింది బిడ్డా! గా ఒక్కదాని నుంచి దాని పిల్లలు, పిల్లల పిల్లలు. మా షాహీ గా వరసదే."

"రంగు చూసి వరస చెప్తరా?"

"బూడిద గుర్రం పుట్టాలంటె తల్లో తండ్రో ఒకటి బూడిదదై తీరాలె. దీపంతోని దీపం ముట్టిచ్చినట్టు. నడుమ ఒక్క తరంల ఆరిందా, ఇంక గా ఇంట్ల మళ్ల ముట్టది. గా గుడ్డి గుర్రానికి గా పిల్ల పుట్టకపోతె అంతా అప్పుడే ఖతం." ముసలాయన వెనక బొమ్మ వైపు తిరిగాడు. "నాకు కండ్లు పోతున్నప్పుడు నబీ అనెటోడు, 'సేఠ్, నేనుండంగ దీపం ఆరది' అని. వాడే పాయె."

స్వర్ణలత బొమ్మ దగ్గరికి వెళ్లి చూసింది. ఒళ్లంతా మబ్బు రంగు, దాని మీద నాణేలు అద్దినట్టు గుండ్రటి మచ్చలు.

"షాహీ గూడ ఇట్లనే ఉంటదా?"

"ఉండెది, వయసులున్నప్పుడు. బూడిద గుర్రం పుట్టుడు నల్లగ పుడ్తది. ఎదిగినకొద్ది మబ్బు రంగైతది, మచ్చలు తేల్తయి, ముసలిదైనకొద్ది మచ్చలు గూడ పోయి ఉప్పు లెక్క తెల్లగైతది. మనిషి ఎంటికె నెరిసినట్టే. నెరిసినంక మళ్ల నల్లవడుడు ఉంటదా? షాహీకి పదారేండ్లు. పాల కంటె తెలుపు. నాకు కండ్లున్నప్పుడే గట్ల అయింది."

"ఈ మధ్య దాన్ని ముట్టుకున్నరా మీరు?"

ముసలాయన మొహం చిన్నబోయింది. "లేదు బిడ్డా. కండ్లకు సూదులేసుకుందామని హైదరాబాద్ పోయి కొన్నొద్దులున్న. అదే టైముకు నబీకి జరం. వచ్చేసరికి షాహీకి గజ్జి లేసిందన్నడు అఫ్సర్. అంటుకుంటది, మీకసలే షుగర్, తలుపు కాడనే ఉండుండ్రి అంటున్నడు. వాని మాట వింటున్న."

షాహీ కొట్టం మిగతా పాకలకు దూరంగా, ఎత్తయిన గోడ వెనక ఉంది. కరిచే గుర్రం కాబట్టి నబీ, అఫ్సర్ తప్ప ఇంకెవరూ ఆ గోడ దాటి పోరని లక్ష్మీరాజం ముందే చెప్పాడు. అఫ్సర్ తాళం తీశాడు. ముప్పై లోపు వయసు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫూఫా పోయాక నిద్ర లేదన్నాడు. ఫూఫా అంటే మేనత్త ఫుప్పు భర్త, అంటే నబీ. తల్లిదండ్రులు పోతే హుస్సేన్‌బీయే ఇతన్ని ఎత్తుకుని పెంచింది.

"సంచి ఏడ తగిలేసిండు మీ ఫూఫా?"

"గా మేకుకు మేడం."

"అచ్చినప్పటి నుంచి పొద్దుగూకేదాక సంచి ఆడనేనా?"

"ఆడనే. నేను దాని దిక్కు గూడ చూడలే."

"మరి ఆ సంచిల ఏమున్నయో పోలీసోళ్లకు వరసబెట్టి జెప్పింది నువ్వేనట గదా?"

"ఫూఫా సీస తీసేటప్పుడు కనబడ్డయి మేడం."

స్వర్ణలత ఇంక అడగలేదు. అర తలుపు మీదుగా లోపలికి చూసింది. కొట్టం చీకట్లో నిలబడ్డ గుర్రం మెల్లగా వెలుతురులోకి వచ్చింది. మబ్బు రంగు. వీపు మీద, పిర్రల మీద గుండ్రటి మచ్చలు. వరండాలోని ఫ్లెక్సీ బొమ్మే నడిచొచ్చినట్టుంది. ఒంటి మీద ఎక్కడా గజ్జి జాడ లేదు.

కరిచే గుర్రమన్నది వచ్చి ఆమె చేతిని వాసన చూసి, తినడానికేమైనా తెచ్చావా అన్నట్టు మూతితో పొడిచింది. కొత్త మనిషిని చూసి బెదురు లేదు, బిగువు లేదు. ఆమె దాని మెడ నిమిరింది. జూలు కుదుళ్లలో గోటికి ఏదో గరుకుగా తగిలింది. తీసి చూస్తే అద్దం చమ్కీ. పెళ్లి బట్టల మీద కుట్టేది.

అదే సమయంలో ఆమె సెల్ మోగింది. ఆమె రింగ్‌టోను మర్ఫా దెబ్బ, పెళ్లి ఊరేగింపుల్లో వాయించే డప్పుల దరువు. ఆఫీసులో నలుగురూ నవ్వుతారు గానీ, ఎంత రద్దీలోనైనా వినిపిస్తుందని ఆమె మార్చలేదు. ఆ దరువు వినబడగానే గుర్రం చెవులు నిక్కించింది. ముందరి కాలు ఎత్తింది, దించింది. రెండోది ఎత్తింది, దించింది. మెడ వంచి, దరువు తప్పకుండా, ఉన్నచోటే చక్కగా ఆడడం మొదలుపెట్టింది.

స్వర్ణలతకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆ వెంటే అర్థమైంది. రాణి కాలం నుంచి దిగొచ్చిన పందెం గుర్రం పెళ్లి ఊరేగింపు ఆట ఆడుతోంది! పెళ్లికొడుకులను మోసే గుర్రాన్ని ఎక్కడినుంచో తెచ్చి షాహీ కొట్టంలో కట్టేశారు. యజమానికి కళ్లు కనబడవు. కనిపెట్టగల ఒకే ఒక్క మనిషి మంచం దిగి వచ్చాడు, వచ్చిన రోజే చచ్చిపోయాడు.

"దీనికి ఆట ఎవరు నేర్పిండ్రు అఫ్సర్?"

"ఉత్తగనే గట్ల చేస్తది మేడం. మందు ఇస్తున్న గదా, మత్తు." అంటూ అఫ్సర్ తాళాల గుత్తి తీసి బయటికి దారి చూపాడు.

కొట్టం వెనక కొత్తగా తవ్వి పూడ్చిన నేల కనబడింది. పెద్ద జాగా. పైన సున్నం చల్లి ఉంది. పేడ గుంత అన్నాడు అఫ్సర్. పేడ గుంతకు సున్నం ఎందుకని ఆమె అడగలేదు. అసలు షాహీ ఎక్కడుందో ఆమెకు తెలిసిపోయింది. నమ్మి అప్పగించిన గుర్రం ఏ కడుపు శూలతోనో, పట్టించుకోకనో చచ్చి ఉంటుంది. చెప్పే ధైర్యం లేక వీడు దాన్ని పూడ్చి ఇంకోదాన్ని తెచ్చాడు.

కానీ చేతిలో ఉన్నది ఒక చమ్కీ, ఓ గుర్రం ఆట, కళ్లు కనబడని మనిషి చెప్పిన రంగు. కుమార్ పగలబడి నవ్వుతాడు. యజమాని చూసి చెప్పలేడు. అందుకని ఎర వేసింది. తిరిగి వరండాలోకి వచ్చి, అఫ్సర్‌కు వినబడేట్టు, "సేఠ్, రేపు పొద్దుగాల జేబాను తోల్కస్త. షాహీని చిన్నప్పటి సంది చూసిన పిల్ల గదా, ఓసారి చూసి నాకు కొన్ని ముచ్చట్లు జెప్పాలె" అంది. భయపడ్డ దొంగ పారిపోతాడు, పారిపోతే పట్టుకోవచ్చు. ఉద్యోగంలో ఈ ఎత్తు ఎన్నోసార్లు పారింది. ఆ రోజు ఆ మాట అనకుండా నాలుక కొరుక్కుని ఉంటే బాగుండేది.

ఇందాకటి ఫోన్ జేబాదే. తిరిగి చేస్తే, వకీలు దొరికాడని, రేపు కోర్టుకు వస్తానన్నాడని చెప్పింది. రోజా విప్పడానికి ఇంటికి పోతున్నానంది.

స్వర్ణలత కథలాపూర్‌లో ఆగింది. పెళ్లిళ్లకు బ్యాండు కట్టే బక్కయ్యను పట్టుకుని అడిగితే, మచ్చల గుర్రాన్ని పది రోజుల కింద ఎవరో కొనుక్కుపోయారని కరీంనగర్ బ్యాండువాళ్లు చెప్పుకున్నారన్నాడు. ఆ కబురు పట్టుకుని స్టేషన్‌కు చేరేసరికి పొద్దు వాలిపోయింది.

"పెండ్లి గుర్రమా?" కుమార్ నిజంగానే పగలబడి నవ్వాడు. "హత్య కేసు తెమ్మంటె బరాత్ కేసు తెచ్చిండ్రా మేడం? గుర్రం మార్చినోడు మార్చిండు, దాని కేసు దానికే. సచ్చినోడు నౌకర్ గాదు అన్నడు. నా చెవులార విన్న."

"మీరు వినలే సార్. మీకు సమజ్ గాలేదని మీరే అన్నరు. మీకు జెప్పింది అఫ్సర్. గా అఫ్సర్ సంగతే నేనిప్పుడు జెప్పిన."

కుమార్ నవ్వు ఆగింది.

"వీడియో ఒక్కసారి హుస్సేన్‌బీకి వినిపించుండ్రి. ముప్పై ఏండ్లు కాపురం జేసిన మనిషి. మొగని మాట నాలుక మందమైనా ఆమెకు సమజైతది. తప్పని తేలితె రేపటి నుంచి మీ గడప తొక్క."

ఆ చివరి మాట పని చేసిందేమో, కుమార్ సెల్ తీసుకుని లేచాడు.

హుస్సేన్‌బీ ముందు కాగితం మీద రెండు ఖర్జూరాలు, పక్కన శర్బత్ సీసా ఉన్నాయి. దూరంగా మసీదు మైకులో అజాన్ మొదలైంది. ఆమె బిస్మిల్లా అని ఓ ఖర్జూరం నోట్లో వేసుకుంది. సీసా మూత తిప్పబోతుంటే కుమార్ వీడియో పెట్టాడు. భర్త గొంతు వినబడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"సబ్జా... సబ్జా... న్... కర్ గాదు."

"మళ్ల పెట్టుండ్రి సార్."

మళ్లీ పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. తెరిచేసరికి వాటిలో ఏడుపు లేదు, ఆశ్చర్యం ఉంది.

"నౌకర్ అంటలేడు సార్. నుక్రా అంటున్నడు."

"నుక్రా ఏంది?"

"గుర్రం రంగు. మా సైసోళ్ల మాటలు గవి. ఎర్ర గుర్రాన్ని సురంగ్ అంటరు. ఉప్పు లెక్క తెల్లగున్నదాన్ని నుక్రా అంటరు. మా ఆయన షాహీని పేరు పెట్టి పిలువలే ఎన్నడు, నా నుక్రా అనెటోడు."

"మరి సబ్జా?" అని అడిగింది స్వర్ణలత.

"బూడిద రంగు మీద మచ్చలుంటె గది సబ్జా. తాగే సబ్జా గాదు సెల్లె. 'సబ్జా ఉంది, నుక్రా గాదు' అంటున్నడు." హుస్సేన్‌బీ సెల్ మీద చెయ్యి పెట్టింది, భర్త మొహం మీద పెట్టినట్టు. "పాణం పోతుంటె గూడ గా గుర్రం ముచ్చటేనా నీకు? నా మీద ఒక్క మాట అన్లేదు సార్ ఆయన. ఒక్క మాట అన్లేదు."

కుమార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తను తప్పు విన్నాడు, స్వర్ణలత తప్పు వింది, ఈ మాటలు తెలియని ఎవరు విన్నా నౌకరనే వింటారు. కానీ ఆ మంచం పక్కన నిలబడి అర్థం చెప్పినవాడు సైసు.

"అఫ్సర్‌కు గీ మాటలు తెల్వయా?" అని అడిగాడు నెమ్మదిగా.

"తెల్వకేంది సార్? చిన్నప్పుడు సంకనెక్కించుకోని, గిది సురంగ్, గిది నుక్రా అని ఆయననే నేర్పె. వాడు ముందు నేర్చిన మాటలే గవి." చెప్తూ చెప్తూ ఆమె మధ్యలోనే ఆగింది. తన నోటితో ఏం చెప్పిందో అప్పుడు అర్థమైంది. "లేదు సెల్లె. వాడు... వాడు ఏడుస్తుండె గదా, సరిగ్గ ఇననట్టున్నడు. వాడు నా చేతుల పెరిగిన పోరడు."

హుస్సేన్‌బీ గొంతు తడుపుకోవడానికి సీసా ఎత్తింది.

"ఆ సీస ఎక్కడిది?" స్వర్ణలత అరిచింది.

"అఫ్సర్ ఇచ్చిపోయిండు మేడం, పొద్దు వాలకముందు" అంది తలుపు దగ్గర కానిస్టేబుల్ దేవమ్మ. "మా ఫుప్పుకు రోజా ఇప్పడానికి అని ఏడ్చుకుంట ఇచ్చిండు."

స్వర్ణలత సీసా లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ముందు గులాబీ వాసన. దాని కింద, పత్తి చేలో మందు కొట్టిన రోజు గాలిలో ఉండే ఘాటు. హుస్సేన్‌బీ లాకప్‌లో చచ్చిపోతే, చేసిన పాపానికి తనే తాగి చచ్చిందంటారు. కేసు మూసేస్తారు. గుర్రం గురించి అడిగేవాళ్లుండరు.

ఒక్క జేబా తప్ప. రేపు పొద్దున వచ్చి షాహీని చూసి చెప్తుందని స్వర్ణలతే తన నోటితో చెప్పి వచ్చింది.

"దేవమ్మా, ఒక్క సీసనే తెచ్చిండా?"

"రెండు తెచ్చిండు మేడం. రెండోది జగిత్యాలల చెల్లెకు ఇయ్యాలన్నడు. ఒక్కతే ఉంటది గదా పాపం అనుకుంట బండెక్కిండు."

అజాన్ ఎప్పుడో ఆగిపోయింది. కుమార్ ఇంకేం అడగలేదు, జగిత్యాలకు బండి పంపమని వైర్‌లెస్‌లో అరుస్తూ బయటికి ఉరికాడు. స్వర్ణలత జేబా నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. మోగింది. మోగుతూనే ఉంది. తను వేసిన ఎరకు ఈ పిల్లను కట్టానన్న ఆలోచన గుండెల్లో గునపంలా దిగింది. చివరికి ఎవరో ఎత్తారు.

"జేబా?"

"జేబా రోజా ఇప్పుతున్నది మేడం." అఫ్సర్ గొంతు. తొందరేం లేదు. "నేనే జెర లేటుగచ్చిన. ఏమన్న చెప్పాల్నా?"

స్వర్ణలత నోరు తెరిచేలోపే హుస్సేన్‌బీ ఆ సెల్‌ను రెండు చేతులా అందుకుంది. ఎండిన గొంతుతో, స్టేషనంతా అదిరేట్టు, "తాగకు బిడ్డా! వాడిచ్చింది తాగకు!" అని అరిచింది.

అవతల గాజు గ్లాసు బల్లకు తగిలిన చప్పుడు వినబడింది. తాగడానికి ఎత్తిందో, తాగి పెట్టిందో తెలియలేదు. ఫోన్ కట్టయింది.